రామామాత్యుని వీణ మెట్లు: ఒక గణిత విమర్శ

వీణకు మెట్లు కట్టే పని చూచినవారికి ఒక సంగతి తెలిసి ఉంటుంది. పనివాడు దండి మీద మైనము పరచి, దానిపై మెట్లను నిలిపి, ఒక్కొక్క మెట్టును చెవితో సరిచూచుకొంటూ వెంట్రుకవాసి ఇటూ అటూ జరుపుతాడు. ఒక తంతి మీద స్వరము సరిగా పలికినంత మాత్రాన పని తీరదు. మెట్టు ఒక్కటే, దాని మీదుగా పోయే తంతులు నాలుగు. మొదటి తంతికి కుదిరిన చోటు తక్కిన మూడింటికీ కుదరవలెను. ఇది చేతిపనిగా కనిపించినా నిజానికి బీజగణితములోని ఒక సమస్య. తెలియని రాశులు కొన్ని, అవి తీర్చవలసిన సమీకరణములు కొన్ని. సమీకరణముల సంఖ్య తెలియని రాశుల సంఖ్యను మించితే ఏమవుతుందో ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే.

ఈ సమస్యను దక్షిణ దేశమున శాస్త్రగ్రంథములో స్పష్టముగా నిలిపినవారిలో రామామాత్యుడు ముఖ్యుడు. విజయనగరమున అళియ రామరాయల ప్రోత్సాహముతో 1550లో ఆయన రచించిన ‘స్వరమేళకళానిధి’ అయిదు ప్రకరణముల చిన్న గ్రంథము. అందు మూడవది వీణా ప్రకరణము. సంగీత చరిత్రకారులు సామాన్యముగా ఈ గ్రంథములోని ఇరువది మేళములను గూర్చి చర్చిస్తారు. పదిహేడవ శతాబ్దిలో వేంకటమఖి తన ‘చతుర్దండీ ప్రకాశిక’లో రామామాత్యుని కఠినముగా విమర్శించినప్పుడు కూడా ప్రధానముగా ఆ మేళములనే పట్టుకొన్నాడు. కాని గణితదృష్టితో చూస్తే గ్రంథమునకు ప్రాణము వీణా ప్రకరణమే. ఏలననగా, వేంకటమఖి డెబ్బదిరెండు మేళకర్తలకు పునాది అయిన పండ్రెండు స్వరస్థానములు ఇచ్చట మెట్లరూపమున కంటికి కనిపిస్తాయి. పునాది ఎంత గట్టిదో పరీక్షించుట అందుకే అవసరము.

రామామాత్యుని శుద్ధమేళ వీణలో మెట్ల మీదుగా పోయే తంతులు నాలుగు. వాటి శ్రుతులు వరుసగా షడ్జమము, పంచమము, పై షడ్జమము, దాని పై మధ్యమము. మొదటి ఆరు మెట్లపై పలికే స్వరములను ఆయన ఈ విధముగా నిర్దేశించినాడు.

మొదటి తంతి (స): శుద్ధ రిషభము, శుద్ధ గాంధారము, సాధారణ గాంధారము, చ్యుత మధ్యమ గాంధారము, శుద్ధ మధ్యమము, చ్యుత పంచమ మధ్యమము.

రెండవ తంతి (ప): శుద్ధ ధైవతము, శుద్ధ నిషాదము, కైశికి నిషాదము, చ్యుత షడ్జ నిషాదము, షడ్జమము, శుద్ధ రిషభము.

మూడవ తంతి (స): మొదటి తంతి వలెనే, ఒక స్థాయి పైన.

నాలుగవ తంతి (మ): చ్యుత పంచమ మధ్యమము, శుద్ధ పంచమము, శుద్ధ ధైవతము, శుద్ధ నిషాదము, కైశికి నిషాదము, చ్యుత షడ్జ నిషాదము.

పేర్లు నేటి విద్యార్థికి కొంచెము తికమక కలిగించవచ్చును. ఆయన శుద్ధ గాంధారము మన చతుశ్శ్రుతి రిషభస్థానము. ఆయన శుద్ధ నిషాదము మన చతుశ్శ్రుతి ధైవతస్థానము. చ్యుత మధ్యమ గాంధారము మన అంతర గాంధారపు మెట్టు. చ్యుత పంచమ మధ్యమము మన ప్రతి మధ్యమపు మెట్టు. చ్యుత షడ్జ నిషాదము మన కాకలి నిషాదపు మెట్టు.

ఈ పట్టికలో ఒక విశేషము ఉన్నది. రామామాత్యుడు తంతి పొడవులను ఎక్కడా అంకెలలో చెప్పలేదు. అయినా పట్టికలోనే అంకెలు దాగి ఉన్నాయి. ఒకే స్వరము రెండు తంతులపై రెండు వేరువేరు మెట్ల వద్ద పలుకుతున్నదంటే అది ఒక సమీకరణమన్న మాట. ఆ సమీకరణములను వ్రాసి చూతము.

తంతి బిగింపు మారనప్పుడు దాని కంపనముల పౌనఃపున్యము పొడవుకు విలోమానుపాతములో ఉంటుంది. 1636లో మెర్సెన్ ప్రకటించిన నియమములలో ఇది ఒకటి. కాబట్టి ఒక మెట్టు ప్రతి తంతి పౌనఃపున్యమునూ ఒకే నిష్పత్తిలో పెంచుతుంది. ఆరు మెట్ల నిష్పత్తులను వరుసగా క, చ, ట, త, ప, య అనుకొందము. షడ్జమము 1 అయితే పంచమము 3/2, మధ్యమము 4/3, పై షడ్జమము 2. ఒక స్థాయి భేదము వచ్చినచోట దానిని 2తో గుణించి గాని భాగించి గాని సరిచేసికొనవచ్చును.

రెండవ తంతి అయిదవ మెట్టుపై పై షడ్జమము పలకవలెను. అనగా ప × 3/2 = 2; ప = 4/3. నాలుగవ తంతి రెండవ మెట్టుపై పంచమము పలకవలెను. అనగా చ × 4/3 = 3/2; చ = 9/8. శుద్ధ నిషాదము రెండవ తంతి రెండవ మెట్టుపైన, నాలుగవ తంతి నాలుగవ మెట్టుపైన ఉన్నది; కాబట్టి 4/3 × త = 3/2 × 9/8; త = 81/64. కైశికి నిషాదము రెండవ తంతి మూడవ మెట్టుపైన, నాలుగవ తంతి అయిదవ మెట్టుపైన ఉన్నది; కాబట్టి 3/2 × ట = 4/3 × 4/3; ట = 32/27. శుద్ధ ధైవతము రెండవ తంతి మొదటి మెట్టుపైన, నాలుగవ తంతి మూడవ మెట్టుపైన ఉన్నది; కాబట్టి 3/2 × క = 4/3 × 32/27; క = 256/243. ఇక శుద్ధ రిషభము రెండవ తంతి ఆరవ మెట్టుపై పలకవలెను; 3/2 × య = 2 × 256/243; య = 1024/729.

ఆరు తెలియని రాశులు, ఆరు సమీకరణములు, అన్నీ తేలినవి. మూడవ తంతి అయిదవ మెట్టు మధ్యమము, నాలుగవ తంతి మొదటి మెట్టు చ్యుత పంచమ మధ్యమము అనే రెండు షరతులు కొత్తవి కావు. పై జవాబులతో అవి వాటంతట అవే సరిపోతాయి. ఇంతవరకు పట్టిక నిర్దుష్టము. చెవి తప్ప వేరు పరికరము లేక, భిన్నము ఒక్కటైనా వ్రాయక, ఆరు మెట్లకు ఆరు కచ్చితమైన స్థానములను ఏర్పరచిన పద్ధతి ఇది. షడ్జమమునకు మధ్యమము, పంచమము కలిసినవో లేదో చెవి సులభముగా చెప్పగలదు. ఆ రెండు సంబంధములనే మెట్టు నుండి మెట్టుకు, తంతి నుండి తంతికి దాటిస్తూ పోతే తక్కిన స్వరములు పుట్టుకొని వస్తాయి. పట్టికలోని అందము ఇదే.

అయితే ఏడవ సమీకరణము ఒకటి మిగిలి ఉన్నది. చ్యుత షడ్జ నిషాదము రెండవ తంతి నాలుగవ మెట్టుపైన, నాలుగవ తంతి ఆరవ మెట్టుపైన కూడ ఉన్నదని పట్టిక చెప్పుతున్నది. మొదటి చోట దాని విలువ 3/2 × 81/64 = 243/128. రెండవ చోట 4/3 × 1024/729 = 4096/2187. ఇవి సమానము కావు. మొదటిదానిని రెండవదానితో భాగించగా 531441/524288 వస్తుంది. లవము 3ను పండ్రెండుసార్లు గుణించగా వచ్చినది. హారము 2ను పందొమ్మిదిసార్లు గుణించగా వచ్చినది. ఈ భిన్నము సుమారు 1.0136. గ్రీకు సంప్రదాయమును అనుసరించి దీనిని పైథాగొరస్ కామా అంటారు.

ఈ మిగులు రామామాత్యుని పొరపాటు వల్ల వచ్చినది కాదు. 3 యొక్క ఏ ఘాతమూ బేసి సంఖ్యయే. 2 యొక్క ఏ ఘాతమూ సరిసంఖ్యయే. పంచమములను ఎన్ని పేర్చినా అవి స్థాయిల లెక్కతో కచ్చితముగా ఎన్నటికీ కలియవు. పండ్రెండు పంచమములు ఏడు స్థాయిలకు బహు దగ్గరగా వచ్చి, ఈ కొద్దిపాటి భేదముతో తప్పిపోతాయి. ఆ భేదము ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. దానిని ఎక్కడ ఉంచవలెను అన్నదే మెట్లు కట్టేవాని ముందున్న ప్రశ్న.

ఈ దృష్టితో చూచినప్పుడు వీణా ప్రకరణమును మూడు విషయములలో తప్పుపట్టవచ్చును. ఒక విషయములో గట్టిగా సమర్థించవచ్చును.

మొదటి ఆక్షేపణ ఇది. రెండు వేరు స్థానములకు పట్టిక ఒకే పేరు పెట్టినది. షడ్జమము సెకండుకు 240 కంపనములు అనుకొంటే, ఒకే స్థాయికి తెచ్చి పోల్చినప్పుడు ఒక చ్యుత షడ్జ నిషాదము 455.6, రెండవది 449.5. ఆరు కంపనముల భేదమును శిక్షితమైన చెవి పోల్చుకోగలదు. తంతి పొడవు 90 సెంటీమీటర్లు అయితే ఆరవ మెట్టుకు కావలసిన రెండు చోట్ల నడుమ దూరము సుమారు 9 మిల్లీమీటర్లు. ఒక మెట్టును ఏకకాలమున రెండు చోట్ల నిలుపుట సాధ్యము కాదు. అంకెలలో లెక్కించి ఉంటే ఈ భేదము వెంటనే పట్టుబడేది. కొంత కాలము తరువాత అహోబలుడు ‘సంగీత పారిజాతము’లో వీణ తంతిని పొడవు భాగములుగా విభజించి స్వరస్థానములను చెప్పినాడు. మధ్యమము మేరువుకూ పై షడ్జమునకూ సరిగా నడుమ. పంచమము తంతి మూడవ వంతు వద్ద. అటువంటి కొలత రామామాత్యునిలో కొరవడినది.

రెండవ ఆక్షేపణ శ్రుతుల లెక్కను గూర్చినది. శార్ఙ్గదేవుని సంప్రదాయమును అనుసరించి రామామాత్యుడు స్థాయికి ఇరువదిరెండు శ్రుతులను అంగీకరించినాడు. ఆ లెక్క ప్రకారము షడ్జమము నుండి శుద్ధ రిషభమునకు మూడు శ్రుతులు. శుద్ధ గాంధారము నుండి సాధారణ గాంధారమునకు ఒక్క శ్రుతి. కాని తన మెట్ల మీద మొదటి అంతరము 256/243. రెండవ అంతరము 32/27ను 9/8తో భాగించగా వచ్చే 256/243. రెండూ ఒక్కటే! స్వరప్రకరణములో మూడింతలుగా చెప్పిన అంతరము వీణా ప్రకరణములో సమానమైపోయినది. శాస్త్రము లక్ష్యప్రధానమని, అనగా వాడుకలోని సంగీతమే శాస్త్రమునకు ప్రమాణమని రామామాత్యుడే ఘోషించినాడు. ఆ సూత్రమును తన శ్రుతుల లెక్కకు కూడ వర్తింపజేసి ఉంటే, వాడుక తప్పిన లెక్కను ఆయన విడిచిపెట్టవలసి ఉండెను. పూర్వులపై గౌరవము అడ్డువచ్చినది. ఇరువదిరెండు శ్రుతులకు కచ్చితమైన భిన్నములను కట్టబెట్టి, అవి ప్రాచీనకాలము నుండి వస్తున్నవని చెప్పే పట్టికలను చూచే పాఠకులు ఈ వైరుధ్యమును జ్ఞాపకముంచుకొనుట మంచిది.

మూడవ ఆక్షేపణ గాంధారమును గూర్చినది. రామామాత్యుడు పేర్కొన్న స్వరములు పదునాలుగు. కట్టిన మెట్లు స్థాయికి పండ్రెండే. అంతర గాంధారమునకు, కాకలి నిషాదమునకు వేరు మెట్లు పెట్టక, చ్యుత మధ్యమ గాంధారమును, చ్యుత షడ్జ నిషాదమును వాటికి ప్రతినిధులుగా తీసికొనవచ్చునన్నాడు. ఇది వైణికునకు సౌకర్యమే. అయితే ఈ మెట్టు విలువ 81/64 అని తేలినది గదా. షడ్జమము 240 అయితే గాంధారము 303.75. తంబురలో షడ్జమపు తంతి మ్రోగుతున్నప్పుడు దాని అయిదవ అనుస్వరము వల్ల చెవికి అందే గాంధారము 5/4, అనగా 300. షడ్జమపు అయిదవ అనుస్వరము 1200. ఈ మెట్టు గాంధారపు నాలుగవ అనుస్వరము 1215. రెండూ కలిసి మ్రోగినప్పుడు సెకండుకు 15 విస్పందనలు పుడతాయి. తంబుర పక్కన ఈ గాంధారము నిలకడగా పలికితే చెవికి కొంత గరుకుగా ఉంటుంది. నిలుపవలసిన స్వరమునకు ఇది లోపమే.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలెను. తన స్వరస్థానములకు ప్రమాణముగా రామామాత్యుడు ‘స్వయంభూ’ స్వరములను పేర్కొన్నాడు. నేడు స్వయంభూ స్వరమనగా అనుస్వరమనే అర్థము వాడుకలో ఉన్నది. దానిని బట్టి, తంబురలో వినిపించే 5/4 గాంధారమునే ఆయన మెట్టుగా కట్టినాడని అనుకొనుటకు అవకాశమున్నది. పట్టిక దీనిని ఒప్పుకొనదు. నాలుగవ మెట్టు 5/4 అయితే నాలుగవ తంతిపై శుద్ధ నిషాదము 5/3 అవుతుంది. రెండవ తంతిపై అదే స్వరము 27/16గా ఉంటుంది. రెండు తంతులకూ పొత్తు కుదరదు. గ్రంథకర్త చెప్పని దానిని ఆయన నోట పెట్టుట కంటె, చెప్పినదానిని లెక్కవేసి చూచుట విమర్శకు తగిన పని.

ఇక సమర్థన. కామా ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదని పైన చెప్పినాము. రామామాత్యుని పట్టికలో అది షడ్జ, మధ్యమ, పంచమములను తాకలేదు; ఆరవ మెట్టుపై, అదియును ఒక్క నాలుగవ తంతి వద్ద, ఒక్క నిషాదముపై పడినది. ఆరవ మెట్టును ఆ నిషాదమునకు సరిపోయేటట్లు 729/512 వద్దకు జరిపితే ఏమవుతుంది? అప్పుడు రెండవ తంతిపై రిషభము చెడుతుంది; మూడవ తంతి ఆరవ మెట్టుపై చ్యుత పంచమ మధ్యమము నాలుగవ తంతి మొదటి మెట్టుతో కలియదు. ఒక తప్పును దిద్దబోయి రెండు తప్పులు చేసినట్లవుతుంది.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మెట్టు మీద తంతిని పక్కకు లాగితే బిగింపు హెచ్చి స్వరము పైకి పోతుంది. దానిని కిందికి దించుటకు వైణికుని చేతిలో ఉపాయము లేదు. 1024/729 వద్ద మెట్టు నిలిపితే తప్పిన నిషాదము కావలసినదానికంటె తక్కువగా పలుకుతుంది. తంతిని ఇంచుక లాగితే అది సరిపోతుంది. 729/512 వద్ద నిలిపితే తప్పిన స్వరములు ఎక్కువగా పలుకుతాయి; వాటికి మందు లేదు. కాబట్టి లోపము ఉండవలసిన వైపుననే ఉన్నది. రామామాత్యుడు దీనిని లెక్కకట్టి చేసినాడని చెప్పుటకు గ్రంథములో ఆధారము లేదు. వాయించి వాయించి చెవికి, చేతికి తెలిసినదే పట్టికగా మారి ఉండవచ్చును.

ఇదే కాలమున ఇటలీలో ఇదే సమస్యను మరొకరు ఎదుర్కొన్నారు. ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి విన్‌చెంజో గెలిలీ లూట్ అనే తంతివాద్యమునకు మెట్లు కట్టుటకు 1581లో ఒక నియమము ఇచ్చినాడు. ప్రతి మెట్టునూ మిగిలిన తంతి పొడవులో 18వ వంతు వద్ద పెట్టవలెను. 18/17ను పండ్రెండుసార్లు గుణిస్తే 1.986 వస్తుంది, 2కు కొంచెమే తక్కువ. తరువాత మూడేండ్లకు, 1584లో, చైనా రాజవంశీయుడు జూ జైయు స్థాయిని పండ్రెండు సమాన నిష్పత్తులుగా విభజించుటను గణించి చూపినాడు. ఈ పద్ధతిలో కామా పండ్రెండు పంచమములకూ సమానముగా పంపకమవుతుంది. 3/2కు బదులు పంచమము 1.4983 అవుతుంది. నేటి హార్మోనియము సామాన్యముగా ఈ విధముగానే శ్రుతి చేయబడుతుంది.

రెండు పరిష్కారములలో ఏది మేలు? ప్రశ్నకు గణితము ఒక్కటే జవాబు చెప్పజాలదు. షడ్జమమును మాటిమాటికి మార్చి, అనేక స్వరములను కలిపి పలికించే సంగీతమునకు సమాన విభజన మేలు. తంబుర షడ్జ పంచమములను ఎడతెగక మ్రోగిస్తుండగా ఒకే ఆధార షడ్జమముపై సాగే సంగీతమునకు ఆ రెండు స్వరములు చెడరాదు. చెడితే కచేరి అంతా చెడుతుంది. అందుచేత కామాను ఒక మూలకు తోసి పంచమమును కాపాడుటే మేలు. రామామాత్యుని వీణ తన సంగీతమునకు తగిన పరిష్కారమును ఎన్నుకొన్నది. గాంధారము విషయములో మాత్రము అది పూర్తిగా తృప్తి కలిగించదు. ఆ కొరతను వైణికులు చెవితో మెట్టును జరిపియో, గమకముతోనో తీర్చుకొనవలసి ఉంటుంది.

ఈ విమర్శను ఉపాధ్యాయులు తరగతిలోనే పరీక్షించి చూపవచ్చును. ప్రయోగశాలలోని సోనామీటరుపై రెండు గుఱ్ఱముల నడుమ 90 సెంటీమీటర్ల తంతిని బిగించి దాని స్వరమును షడ్జమముగా తీసికొనవలెను. కదిలే గుఱ్ఱమును జరిపి, మ్రోగే పొడవు 67.5 సెంటీమీటర్లయినప్పుడు మధ్యమమును, 60 అయినప్పుడు పంచమమును వినిపించవలెను. తరువాత 71.1 వద్ద రామామాత్యుని గాంధారమును, 72 వద్ద 5/4 గాంధారమును, పక్కన అదే షడ్జమమునకు శ్రుతి చేసిన తంబుర మ్రోగుతుండగా, ఒకదాని తరువాత ఒకటి వినిపించవలెను. కడపట 64.1, 63.2 వద్ద ఆరవ మెట్టు కోరే రెండు స్థానములను వినిపించవలెను. వీణ మెట్టుపై తంతిని అదిమినప్పుడు బిగింపు కొద్దిగా పెరుగుతుందని, అందుచేత వీణ మీది కొలతలు ఈ కొలతలతో పూర్తిగా కలియవని విద్యార్థులకు చెప్పుట మరువరాదు.

పూర్వగ్రంథములను చదువుటలో రెండు దారులు సులభమైనవి: అందులో సమస్తము ఉన్నదని పొగడుట, ఏమీ లేదని త్రోసిపుచ్చుట. స్వరమేళకళానిధి ఈ రెంటికీ లొంగదు. ఏడు షరతులలో ఆరింటిని నిర్దుష్టముగా తీర్చి, తీర్చశక్యము కాని ఏడవదానిని అతి తక్కువ బాధ కలిగే చోట నిలిపిన పట్టిక అది. తాను తీర్చలేని షరతు ఒకటి ఉన్నదని మాత్రము ఆ పట్టిక చెప్పలేదు. ఒక కాగితము, ఒక పెన్సిలు, భిన్నముల గుణకారము తెలిసిన తొమ్మిదవ తరగతి విద్యార్థి ఆ మిగిలిన మాటను నేడు చెప్పగలడు.